చీటిముక్కలు చెప్పు చరిత్ర

శాసనములు, నాణెములు, తాళపత్రములు చరిత్రకు ఆధారములని మీరు చదివియున్నారు. రాజులు రాతిపై వ్రాయించిరి. పండితులు ఆకులపై వ్రాసిరి. మఱి సామాన్యప్రజలు తమ కాలమునుగూర్చి ఏ సాక్ష్యమును విడిచిపోవుదురు? తిరునాళ్ళలో కొన్న కొయ్యబొమ్మ, పెట్టె అడుగున మఱచిన రైలుచీటి, గోడకు వ్రేలాడదీసిన పాత పటము - ఇవియే వారి శాసనములు. వీనిలో పెక్కింటిని చేసినవారు అవి నిలిచియుండవలెనని చేయలేదు. పని తీరినంతనే పాఱవేయుటకే చేసిరి. ఎవరో ఒకరు పాఱవేయక దాచుటచేతనే అవి నేటికి నిలిచినవి. ఇట్టి వస్తువులను జ్ఞాపికలందురు. జ్ఞాపికల వలన ఒక వినోదవనము యొక్క తొలినాళ్ళ చరిత్ర ఎట్లు తెలియవచ్చుచున్నదో ఈ పాఠమున తెలిసికొందము. ఆ వనము పేరు డిస్నీలాండ్. అది అమెరికా సంయుక్త రాష్ట్రములలో, కాలిఫోర్నియా రాష్ట్రమునందలి అనహైమ్ నగరమున కలదు.

డిస్నీలాండును నిర్మించినవాడు వాల్ట్ డిస్నీ. ఆయన 1901వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన చికాగో నగరమున జన్మించెను. ఆయనకు నాలుగేండ్లు నిండిన పిమ్మట, ఆ కుటుంబము మిస్సూరీ రాష్ట్రములోని మార్సెలీన్ అను చిన్న ఊరికి చేరి వ్యవసాయము చేయసాగెను. అచ్చటి పొలము, ఊరి నడిబజారు, ఊరిమీదుగా పోవు రైలుబండి ఆ బాలుని మనస్సున చెరగని ముద్ర వేసెను. కొలది యేండ్లకే వారు ఆ ఊరు విడిచి కాన్సస్ నగరమునకు పోవలసివచ్చెను. అచ్చట బాలుడైన వాల్ట్ తెల్లవారకముందే లేచి, మంచులో నడచి, ఇంటింటికి వార్తాపత్రికలు పంచెడివాడు. పెరిగి పెద్దవాడైన పిమ్మట బొమ్మల చలనచిత్రములు తీసి లోకప్రసిద్ధుడయ్యెను. 1928లో వెలువడిన మిక్కీ మౌస్ చిత్రము, 1937లో వెలువడిన స్నోవైట్ చిత్రము ఆయన కీర్తిని దేశదేశములకు చేర్చెను.

వాల్ట్‌కు ఇద్దరు కుమార్తెలు. వారు చిన్నపిల్లలుగా నున్నప్పుడు ఆయన వారిని సెలవుదినములలో లాస్ ఏంజెలెస్ నగరమందలి గ్రిఫిత్ పార్కునకు తోడ్కొనిపోయెడివాడు. అచ్చట రంగులరాట్నముపై పిల్లలు తిరుగుచుండగా తండ్రి బల్లపై కూర్చుండి చూచెడివాడు. పిల్లలకు వినోదము, పెద్దలకు నిరీక్షణము. తల్లిదండ్రులును బిడ్డలును కలిసి ఆనందించుటకు వీలైన చోటు ఒకటి ఏల యుండరాదని ఆయనకు తోచెను. ఆ ఉద్యానవనమునుండి తెచ్చిన బల్లను డిస్నీలాండులోని ఒపేరా హౌస్ భవనమున భద్రపఱచి చూపుచున్నారు. ఆ బల్లకు శిల్పసౌందర్యమేమియు లేదు. అయినను ఒక తండ్రి విసుగు ఒక గొప్ప నిర్మాణమునకు బీజమైనదని అది సాక్ష్యమిచ్చుచున్నది.

తలపు పుట్టుట సులభము. దానిని నిలుపుట కష్టము. 1948లోనే వాల్ట్ తన ఆలోచనలను ఒక పత్రమున వ్రాసి తనవారికి పంపెను. మొదట బర్బాంక్ పట్టణమున, తన చిత్రనిర్మాణశాల ప్రక్కనే ఒక చిన్న వనము నిర్మింపదలచెను. కాని 1952లో ఆ పట్టణ సభవారు సమ్మతింపలేదు. సంతల సందడియు, మోసపు ఆటలును తమ ఊరికి వలదని వారి భయము. ఆ కాలమున అమెరికాలోని వినోదశాలలు పెక్కు అపరిశుభ్రములై యుండుటచే, ఆ భయము నిరాధారమని చెప్పుటకు వీలులేదు. డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హేగెన్‌లో 1843నుండియు నడచుచున్న టివోలీ ఉద్యానమును వాల్ట్ చూచెను. అచ్చటి దీపముల అందము, పరిశుభ్రత, ఉద్యోగుల మర్యాద ఆయనను ఆకర్షించెను. వినోదస్థలము మురికిగా నుండి తీరవలెనను నియమము లేదని ఆయనకు దృఢపడెను.

ధనము ప్రధానమైన చిక్కు. సంస్థ యొక్క ఆర్థికవ్యవహారములు చూచుచుండిన అన్నగారు రాయ్ డిస్నీ మొదట వెనుకాడెను. సంస్థకు అప్పటికే అప్పులుండెను. అందుచే వాల్ట్ తన జీవితబీమాపై అప్పు తెచ్చి, 1952లో వేఱొక సంస్థను స్థాపించి, చిత్రకారులను చేర్చుకొని నమూనాలు గీయింపసాగెను. తగిన స్థలము నెన్నుకొనుటకు స్టాన్‌ఫర్డ్ పరిశోధనాసంస్థవారిని నియోగించెను. వారు జనాభా ఏ దిక్కునకు పెరుగుచున్నదో, రాజమార్గములు ఎటు రానున్నవో లెక్కకట్టి అనహైమ్‌లోని నారింజతోటలను సూచించిరి. 1950 జనాభా లెక్కలలో అనహైమ్ 14,556 మంది గల చిన్న పట్టణము మాత్రమే. 1960 నాటికి అచ్చటి జనసంఖ్య 1,04,184కు పెరిగెను. ఈ వృద్ధికి డిస్నీలాండ్ ఒక్కటే కారణము కాదు. యుద్ధానంతరము ఆ ప్రాంతమంతయు త్వరితముగా పెరిగెను. అయినను నారింజచెట్లు పోయి నగరము వెలసిన వేగమును ఈ అంకెలు చూపుచున్నవి.

కొన్న భూమి సుమారు 160 ఎకరములు. అది పలు కుటుంబముల తోటలు. అందు డొమింగెజ్ అను కుటుంబమువారి స్థలమున 1896లో నాటిన ఖర్జూరజాతి చెట్టొకటి యుండెను. భూమి నమ్మునప్పుడు ఆ చెట్టును కొట్టివేయరాదని వారు కోరిరి. నిర్మాతలు ఆ మాటను మన్నించి, చెట్టును వేళ్ళతో పెకలించి వనములోని వేఱొక చోట నాటిరి. డిస్నీలాండులోని వస్తువులలో డిస్నీలాండుకంటె పురాతనమై, ఆ నేల పూర్వచరిత్రను తెలుపు సజీవ జ్ఞాపిక ఆ చెట్టే.

ఇక మన కథలో మిక్కిలి ముఖ్యమైన కాగితము వచ్చుచున్నది. 1953 సెప్టెంబరు మాసాంతమున రాయ్ డిస్నీ న్యూయార్కు నగరమునకు పోయి ధనవంతులకు ఈ పథకమును వివరింపవలసి యుండెను. చూపుటకు పటము లేదు. చేతిలో రెండుదినములే యున్నవి. ఒక శనివారము ఉదయమున వాల్ట్ తన మిత్రుడైన హెర్బ్ రైమన్ అను చిత్రకారుని పిలిపించి పటము గీయుమనెను. ఇంత తక్కువ కాలమున అది అసాధ్యమని రైమన్ మొదట నిరాకరించెను. తాను ప్రక్కనే యుందునని వాల్ట్ మాటయిచ్చి ఒప్పించెను. శని, ఆదివారములు రెండును వాల్ట్ తన మనస్సులోని వనమును మాటలతో వర్ణించుచుండగా రైమన్ దానిని కాగితముపై దించెను. చుట్టును రైలుమార్గము, ప్రవేశమున పాతకాలపు బజారు, నడుమ కోట, కోటచుట్టు వేర్వేఱు లోకములు - అన్నియు ఆ పటమున వెలసినవి. అప్పటికి నేలపై ఒక్క ఇటుకయైనను లేదు.

ఆ పటము తన పని నెరవేర్చెను. 1954లో ఏ.బి.సి. అను టెలివిజన్ సంస్థ డిస్నీలతో ఒడంబడిక చేసికొనెను. వాల్ట్ వారికి వారము వారము ఒక కార్యక్రమము నిర్మించి యిచ్చునట్లును, వారు 5 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టి, అప్పులకు పూచీపడునట్లును నిర్ణయమయ్యెను. అనేక సంవత్సరముల తరువాత, 2017 జూన్ నెలలో, ధనసేకరణకై వాడిన ఆ 1953 నాటి పటము వేలమునకు వచ్చి 7,08,000 డాలర్లకు అమ్ముడుపోయెను. ఒకనాడు అప్పు పుట్టించుటకు పనికివచ్చిన కాగితము తానే నిధి యయ్యెను.

1954 జులైలో పని ప్రారంభమై ఒక్క సంవత్సరములో ముగిసెను. మొత్తము వ్యయము సుమారు 1 కోటి 70 లక్షల డాలర్లు. నడిబజారులోని మేడల పై అంతస్తులను క్రిందివానికంటె చిన్నవిగా కట్టిరి. దానిచే అవి ఉన్న ఎత్తుకంటె అధికముగా కనబడును. కోట ఎత్తు 77 అడుగులే యైనను, పైకి పోయినకొలది రాళ్ళ పరిమాణము తగ్గించుటచే చూపరులకు ఆకాశమంటినట్లు తోచును. రంగులరాట్నము క్రొత్తది కాదు. 1922 ప్రాంతమున చేయబడి కెనడాలోని టొరాంటో నగరమున తిరుగుచుండిన దానిని కొనితెచ్చి బాగుచేయించిరి. తుదిదినములలో మొక్కలకు సొమ్ము చాలకపోగా, కలుపుమొక్కల యెదుట వాని లాటిన్ శాస్త్రనామములు వ్రాసిన పలకలు నాటించిరని చెప్పుదురు.

1955 జులై 17, ఆదివారము. ఆ దినమున ప్రవేశము ఆహ్వానితులకు మాత్రమే. కాని దొంగచీట్లు ముద్రించినవారు బయలుదేరిరి. అనుకొన్నదానికంటె ఎంతో అధికముగా, సుమారు 28,000 మంది లోపల ప్రవేశించిరి. ఎండ తీవ్రముగా నుండెను. క్రొత్తగా పోసిన తారు కరగి స్త్రీల చెప్పుల మడమలు అందు దిగబడెను. గొట్టపు పనివారల సమ్మె కారణముగా త్రాగునీటి కొళాయిలు చాలలేదు. భోజనపదార్థములు అయిపోయెను. వాయువు లీకగుటచే వనములో ఒక భాగమును కొంతసేపు మూసివేయవలసివచ్చెను. ఇదంతయు జరుగుచుండగనే ప్రారంభోత్సవము టెలివిజనులో ప్రసారమగుచుండెను. ఏడు కోట్లకు పైబడిన జనులు దానిని చూచిరని అంచనా. ఆ ప్రసారమును నడిపిన ముగ్గురిలో ఒకడైన నటుడు రొనాల్డ్ రీగన్ తరువాతి కాలమున అమెరికా అధ్యక్షుడయ్యెను. సంస్థలోనివారు ఆ దినమునకు 'నల్ల ఆదివారము' అని పేరు పెట్టుకొనిరి.

పత్రికలు పరిహసించెను. వాల్ట్ కుంగిపోలేదు, లోపములను ఒక్కొక్కటిగా సరిదిద్దించెను. మఱునాడు, జులై 18న, సామాన్యప్రజలకు ద్వారములు తెఱచిరి. ఏడు వారములు నిండునప్పటికి పదిలక్షల మంది వచ్చిరి. మొదటి సంఖ్య గల ప్రవేశపుచీటిని రాయ్ డిస్నీయే ఒక డాలరిచ్చి కొనెను. ఒకప్పుడు ధనమునకై వెనుకాడిన అన్న, తమ్ముని వనమునకు తొలి చీటి కొన్నవాడయ్యెను. ఆ చీటి డిస్నీ సంస్థ పత్రభాండాగారమున భద్రముగా నున్నది.

తొలిదినములలో ప్రవేశమునకు పెద్దలు ఒక డాలరు, పిల్లలు అర డాలరు చెల్లించి, లోపల ఒక్కొక్క ఆటకు వేఱుగా రుసుము ఇచ్చెడివారు. ఇది అందఱకు చిక్కుగా నుండుటచే 1955 అక్టోబరులో చీటిపుస్తకములను ప్రవేశపెట్టిరి. అందు ఏ, బి, సి అను మూడు తరగతుల చీట్లుండెను. చిన్న వినోదములకు ఏ చీటి, గొప్పవానికి సి చీటి ఈయవలెను. 1956లో డి తరగతియు, 1959లో ఇ తరగతియు చేరెను. 1959 జూన్ మాసమున 147 అడుగుల మేటర్‌హార్న్ కృత్రిమ పర్వతము, ఒంటిపట్టాపై పోవు మోనోరైలు, జలాంతర్గామి యాత్ర అను మూడు గొప్ప వినోదములు ప్రారంభమయ్యెను. ఇట్టివాని కొఱకే ఇ చీటి ఏర్పడెను.

ఇ చీట్లు కొద్ది. కావున పిల్లలు వానిని మిక్కిలి జాగ్రత్తగా, ఆలోచించి వాడెడివారు. ఏ, బి చీట్లు తఱచు మిగిలిపోయి ఇంటికి చేరెడివి. మరల వచ్చునప్పుడు వాడుదమని సొఱుగులలో దాచెడివారు. 1982లో ఈ పద్ధతి తొలగి ఒకే రుసుము ఏర్పడెను. కావుననే నేడు సేకరించువారికి ఏ చీట్లు సులభముగా దొరకును. వాడని ఇ చీట్లు దొరకుట అరుదు. ఏది దాచబడినది, ఏది దాచబడలేదు అనునదియు మనుష్యుల కోరికలనుగూర్చి చెప్పుచున్నది గదా! ఇ చీటి అను మాట అమెరికావారి భాషలో 'అన్నింటికంటె గొప్ప అనుభవము' అను అర్థమున నిలిచిపోయెను. 1983లో అంతరిక్షమునకు పోయిన శాలీ రైడ్ అను వ్యోమగామిని తన నౌక పైకెగసిన అనుభవమును ఇ చీటితోనే పోల్చెను.

జ్ఞాపికలను చదువుటకు ఒక పద్ధతి కలదు. మీకొక పాత డిస్నీలాండ్ పటము దొరకినదనుకొనుడు. దానిపై సంవత్సరము లేదు. అందు ఆకాశమార్గమున తీగెలపై పోవు తొట్లు కనబడుచున్నవి. మేటర్‌హార్న్ పర్వతము లేదు. ఆ తొట్ల మార్గము 1956లో ప్రారంభమయ్యెను. పర్వతము 1959లో వెలసెను. కావున పటము ఈ రెండింటి నడిమి కాలముదని ఊహింపవచ్చును. అట్లే ఇ చీటి గల పుస్తకము 1959కి పూర్వమున నుండజాలదు. దాని అట్టపై 1957 అని యున్నచో అది కల్పితమని నిశ్చయింపవచ్చును. కాని తొందరపడరాదు. పటములు కొన్ని సమయములందు కట్టదలచినవానిని గూడ చూపును. 1958 నాటి పటమున 'లిబర్టీ స్ట్రీట్' అను వీథి చూపబడినది. ఆ వీథి డిస్నీలాండులో ఎన్నడును కట్టబడలేదు. ఆ తలంపు వేఱు రూపమున 1971లో ఫ్లోరిడా రాష్ట్రములోని వనమున ఫలించెను. అనగా పటము జరిగినదానికే గాక, జరుగగోరినదానికిని సాక్షి. శాసనములు చదువు పండితులును ఇట్టి వివేకముతోడనే కాలనిర్ణయము చేయుదురు.

వాల్ట్ డిస్నీ 1966 డిసెంబరు 15న మరణించెను. ఆయన పనిచేసిన గదులను మూసియుంచిరి. డేవ్ స్మిత్ అను గ్రంథాలయోద్యోగి ఆ గదులలోని వస్తువులన్నింటికి పట్టిక తయారుచేసెను. 1970లో ఆయన ఆధ్వర్యమున సంస్థకు పత్రభాండాగారము ఏర్పడెను. అప్పటికి వనము పుట్టి పదునైదేండ్లు గడచెను. పని ముగిసిన పిదప కాగితములను, బొమ్మలను పాఱవేయుట నిర్మాణశాలలకు సహజమే. పెక్కు వస్తువులు ఉద్యోగులును, సందర్శకులును తమ యిండ్లలో దాచుటచేతనే మిగిలెను.

మన దేశమునకు సంబంధించిన జ్ఞాపికయు నొకటి కలదు. 1961 నవంబరులో అమెరికా వెళ్ళిన మన తొలి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ డిస్నీలాండును దర్శించెను. ఆయనయు వాల్ట్ డిస్నీయు కలిసియున్న ఛాయాచిత్రములు నేటికిని చూడవచ్చును. బాలలయందు ప్రేమగల ఇరువురు పెద్దలు, వేర్వేఱు మార్గములవారు, ఒక దినము ఒకచోట కలిసిరని ఆ చిత్రములు తెలుపుచున్నవి.

నేడు ఇట్టి వస్తువులకు వేలములలో గొప్ప వెలలు పలుకుచున్నవి. వెల పెరిగినకొలది నకళ్ళును పెరుగును. ప్రారంభదినమున దొంగచీట్లు పుట్టినట్లే, ఈనాడును దొంగ జ్ఞాపికలు పుట్టుచున్నవి. వెల వేఱు, విలువ వేఱు. వెల కొనువాని ఆశపై ఆధారపడును. విలువ ఆ వస్తువు చెప్పు సత్యముపై ఆధారపడును. చారిత్రక స్థలమునుండి ఒక పెళ్ళనైనను ఊడదీసి తెచ్చుట జ్ఞాపికను సంపాదించుట కాదు. అది సాక్షిని అపహరించుట. న్యాయముగా మనకు చేరిన చిన్న కాగితమును భద్రపఱచుటయే నిజమైన సేకరణము.

డిస్నీలాండ్ చరిత్రలోని బల్లయు, చెట్టును, పటమును, చీటియు మనకు చెప్పునది ఒక్కటే: జరుగుచున్నప్పుడు ఏదియు చరిత్రవలె కనబడదు. నారింజతోటలో నిలిచిన చెట్టు చెట్టువలెనే యుండెను. రెండు దినములలో గీసిన పటము పటమువలెనే యుండెను. మన యిండ్లలో సైతము తాతగారి రైలుచీటి, అమ్మమ్మగారి నాటి సినిమా కరపత్రము, ఊరి తిరునాళ్ళ ప్రకటన ఎచ్చటనో ఒదిగియుండును. వానిని పాఱవేయుటకు ముందు ఒక్కమారు చదువుడు. అది ఎవరిదో, ఏ ఊరిదో, ఏ యేటిదో పెద్దల నడిగి, వేఱొక కాగితముపై వ్రాసి దానితో జతపఱచుడు. చెప్పగలవారు ఉన్నప్పుడే అడుగవలెను. వారు లేని నాడు చీటి మిగిలియున్నను దాని నోట మాట యుండదు.

ప్రశ్నలు

1. వాల్ట్ డిస్నీకి వినోదవనము నిర్మింపవలెనను తలంపు ఎట్లు కలిగెను?
2. బర్బాంక్ పట్టణ సభవారు ఏల సమ్మతింపలేదు?
3. హెర్బ్ రైమన్ గీసిన పటము వలన కలిగిన ప్రయోజనమేమి?
4. వాడని ఇ చీట్లు నేడు అరుదుగా దొరకుటకు కారణమేమి?
5. సంవత్సరము లేని పటము యొక్క కాలమును ఎట్లు నిర్ణయింపవచ్చును? అందు గల చిక్కేమి?
6. 'వెల వేఱు, విలువ వేఱు' - ఈ వాక్యమును మీ యింటిలోని ఒక పాత వస్తువును ఉదాహరించి వివరింపుడు.